పది ప్రశ్నలకు ముందు చెప్పవలసిన నాలుగు మాటలు: అట్లాంటా ప్రసూతి క్లినిక్‌లో నా అనుభవం

అట్లాంటా నగరం దక్షిణ భాగంలో ఉన్న ఒక ప్రసూతి క్లినిక్‌లో నేను నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చే గర్భిణులలో, బాలింతలలో అత్యధికులు నల్లజాతి మహిళలు. వారిలో ఎక్కువమందికి వైద్యం ఖర్చును మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా భరిస్తుంది. గర్భం నిర్ధారణ అయిన నాటినుంచి కాన్పు తరువాతి నెలల వరకు ప్రతి తల్లికీ కుంగుబాటు ఉందేమో తెలుసుకునే స్క్రీనింగ్‌ను మా క్లినిక్‌లో క్రమపద్ధతిలో ప్రవేశపెట్టినప్పుడు, మొదటినుంచీ ఆ పనిలో ఉన్న నర్సులలో నేనూ ఉన్నాను. నేను ఒంగోలులో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, కొన్నేళ్లు అక్కడి కాన్పుల వార్డులో పనిచేసి ఇక్కడికి వచ్చాను. కాగితం మీద ఎంతో సులువుగా కనిపించే ఈ పరీక్ష ఆచరణలో ఎక్కడ ఆగిపోతుందో, ఏం చేస్తే కదులుతుందో నేను చూసినంత మేరకు రాస్తున్నాను. ఇందులో వచ్చే తల్లుల వివరాలను, వారిని ఎవరూ గుర్తుపట్టలేని విధంగా మార్చాను.

ఈ పనికి ఎందుకంత ప్రాముఖ్యం ఉందో కొన్ని అంకెలు చెబుతాయి. 2023లో అమెరికాలో ప్రతి లక్ష సజీవ జననాలకు తెల్లజాతి తల్లులలో 14.5 మరణాలు నమోదు కాగా, నల్లజాతి తల్లులలో 50.3 నమోదయ్యాయి. ఆ లెక్కలు ప్రకటించే సీడీసీ అనే జాతీయ ప్రజారోగ్య సంస్థ ప్రధాన కార్యాలయం మా నగరంలోనే ఉంది. అదే సంస్థలో ఎపిడెమియాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ షాలన్ ఇర్వింగ్ అనే నల్లజాతి మహిళ, 2017 జనవరిలో ఆడపిల్లను కన్న మూడు వారాలకే, అధిక రక్తపోటు వల్ల వచ్చిన ఇబ్బందులతో మరణించారు. ఆ మూడు వారాలలో ఆమె ఒంట్లో బాగాలేదని మళ్లీ మళ్లీ వైద్యుల దగ్గరకు వెళ్లారు. చదువు, హోదా, మంచి బీమా ఉన్న మనిషికే అలా జరిగిందన్న సంగతి మా క్లినిక్‌కు వచ్చే తల్లులలో చాలామందికి తెలుసు. మరణాల సమీక్షా సంఘాలు 2017 నుంచి 2019 వరకు పరిశీలించిన గర్భసంబంధ మరణాలలో దాదాపు 23 శాతానికి మూలకారణం మానసిక ఆరోగ్య సమస్యలు. ఆత్మహత్యలు, మాదకద్రవ్యాలు మోతాదు మించడం వల్ల కలిగిన మరణాలు ఇందులోకే వస్తాయి. కారణాలన్నింటిలోకీ ఇదే మొదటిది. అయితే నల్లజాతి తల్లులను విడిగా చూస్తే గుండెకు సంబంధించిన జబ్బులు మొదటి స్థానంలో ఉన్నాయి. దీన్ని చూపి, వీరి విషయంలో ముందు గుండె సంగతి చూడాలి, మనసు సంగతి తరువాత చూడవచ్చు అని వాదించినవారిని నేను విన్నాను. ఆ వాదన నాకు ఒప్పుదల కాలేదు. రక్తపోటు మాత్ర వేసుకోవాలన్నా, తలనొప్పి తగ్గడం లేదని ఫోన్ చేయాలన్నా, పరీక్షకు బస్సెక్కి రావాలన్నా మనిషికి తన ప్రాణం మీద కొంత ఆశ ఉండాలి. కుంగుబాటు మొట్టమొదట తీసుకుపోయేది ఆ ఆశనే.

మాకు శిక్షణలో ఇచ్చిన సాధనం ఎడిన్‌బరో స్కేలు. జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ అనే ముగ్గురు స్కాట్లండ్‌లో దీన్ని తయారుచేసి 1987లో ప్రచురించారు. గడిచిన 7 రోజులలో ఎలా ఉన్నారని అడిగే 10 ప్రశ్నలు ఇందులో ఉంటాయి. ఒక్కొక్క జవాబుకు 0 నుంచి 3 వరకు, మొత్తం 30 మార్కులు. నవ్వగలుగుతున్నారా, రాబోయే వాటి కోసం సంతోషంగా ఎదురుచూస్తున్నారా, ఏదైనా చెడినప్పుడు అనవసరంగా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, కారణం లేకుండా ఆందోళనగానో భయంగానో ఉంటోందా, పనులన్నీ మీద పడుతున్నట్లు ఉందా, దుఃఖం వల్ల నిద్ర పట్టడం లేదా, ఏడుస్తున్నారా అని క్రమంగా అడుగుతూ వచ్చి, పదో ప్రశ్నలో మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది. 10 గానీ, కొన్నిచోట్ల 13 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే మరింత లోతుగా మాట్లాడాలి. ఇది రోగనిర్ధారణ కాదు, ఎవరితో ఇంకొంచెం ఆగి మాట్లాడాలో చెప్పే సూచన మాత్రమేనని శిక్షకురాలు నొక్కి చెప్పారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమైన ఏకాగ్ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణిగా మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, గర్భం ముదిరిన తరువాత మరోసారి, కాన్పయ్యాక జరిగే సందర్శనలలో మళ్లీ అడగాలి. మేము ఆ పద్ధతినే తీసుకున్నాం.

మొదట్లో ఫారాన్ని వెయిటింగ్ హాలులోనే, బీమా కాగితాలతో, చిరునామా కాగితాలతో కలిపి ఒకే అట్టమీద పెట్టి ఇచ్చేవాళ్లం. పక్కన భర్తో, తల్లో, అత్తో కూర్చుని ఉండగానే తల్లులు దాన్ని నింపి ఇచ్చేవారు. ఆ ఫారాలలో సున్నాలు, ఒకట్లు, రెండ్లు ఎక్కువగా కనిపించేవి. మార్కులు చూసి మా క్లినిక్‌కు వచ్చేవారిలో కుంగుబాటు చాలా తక్కువని నిర్వాహకులు సంతోషపడ్డారు. నాకు మాత్రం అది నమ్మదగినదిగా అనిపించలేదు. దేశం మొత్తం మీద కాన్పయిన స్త్రీలలో సుమారు ప్రతి 8 మందిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు కనిపిస్తున్నాయి. అద్దె కట్టలేక ఇల్లు మారుతున్నవారు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో ఉంచినవారు, ముందటి కాన్పులో బిడ్డను పోగొట్టుకున్నవారు రోజూ వచ్చే మా దగ్గర అంతకంటే తక్కువ ఉండడానికి కారణమేమీ కనిపించలేదు.

దీని వెనుక సంగతి నాకు విడమరచి చెప్పినది మా సోషల్ వర్కర్. ఆమె అట్లాంటాలోనే పుట్టి పెరిగిన, ఉద్యోగ విరమణకు దగ్గరపడిన నల్లజాతి మహిళ. దక్షిణాది మర్యాద ప్రకారం ఆమె పేరుకు ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తాం. ఒక మధ్యాహ్నం ఫారాల కట్టను నా ముందు పెట్టి ఆమె ఇలా అడిగారు: “వీళ్లు అబద్ధం రాశారని మీరు అనుకుంటున్నారు. నిజం రాస్తే తమకు ఏం జరుగుతుందని వీళ్లు అనుకుంటున్నారో మీరెవరైనా అడిగారా?”

అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలో, ఇంట్లో ప్రమాదం ఉందనుకుంటే పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోగల పిల్లల సంరక్షణ శాఖను జనం డీఫాక్స్ అంటారు. ఆ పేరు వినగానే తల్లుల ముఖం మారిపోవడం నేను ఆ తరువాత చాలాసార్లు చూశాను. 2017లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం, అమెరికాలో 18 ఏళ్లు నిండేలోగా పిల్లల సంరక్షణ శాఖ విచారణను ఎదుర్కొనే పిల్లలు మొత్తం మీద 37 శాతం ఉండగా, నల్లజాతి పిల్లలలో 53 శాతం ఉన్నారు. అంటే మా ముందు కూర్చున్న తల్లికి ఆ శాఖ ఎక్కడో దూరంగా ఉన్న కార్యాలయం కాదు. తన చిన్నతనంలో తన ఇంటికో, అక్క ఇంటికో, పక్కింటికో వచ్చినవారు. బిడ్డ పుట్టిన ఆరో వారంలో, ముక్కూ ముఖమూ తెలియని నర్సు ఇచ్చిన కాగితం మీద ‘నాకు నేను హాని చేసుకోవాలని అనిపించింది’ అన్న గడిలో గుర్తు పెడితే ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో ఆమెకు తెలియదు. తెలియని చోట సున్నా పెట్టడం ఆమె తన బిడ్డను కాపాడుకోవడానికి తీసుకున్న జాగ్రత్త. దాన్ని అబద్ధం అనడం న్యాయం కాదు.

ఆ సంభాషణ తరువాత మా పద్ధతి మారింది. ఫారాన్ని వెయిటింగ్ హాలులో ఇవ్వడం ఆపేశాం. బరువు, రక్తపోటు చూసే గదిలో, తలుపు వేసి, తల్లి ఒంటరిగా ఉన్నప్పుడే ఇస్తున్నాం. వెంట వచ్చినవారిని బయట ఉండమని ప్రత్యేకంగా అడిగితే అనుమానం పుడుతుంది కాబట్టి, ప్రతి సందర్శనలో మొదటి పది నిమిషాలు తల్లితో విడిగా మాట్లాడడం మా క్లినిక్ నియమమని గోడ మీద రాసి పెట్టాం. గృహహింస గురించి అడగడానికి కూడా ఆ సమయమే అక్కరకు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కాగితం ఆమె చేతికి ఇవ్వకముందు నాలుగు మాటలు చెప్పడం మొదలుపెట్టాం. ఈ ప్రశ్నలు ఇక్కడికి వచ్చే ప్రతి తల్లినీ అడుగుతామని, మిమ్మల్ని చూసి ప్రత్యేకంగా అడగడం లేదని మొదటి మాట. ఈ జవాబులను నేను, మీ మిడ్‌వైఫ్ లేదా డాక్టరు, మా సోషల్ వర్కర్ చూస్తామని, ఇవి మీ వైద్య రికార్డులో ఉంటాయని రెండో మాట. దుఃఖంగా ఉందని, భయంగా ఉందని, నిద్ర పట్టడం లేదని చెప్పినందుకు మేము డీఫాక్స్‌కు ఫిర్యాదు చేయమని, మీకో బిడ్డకో తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఒంటరిగా వదిలిపెట్టకుండా సహాయం పిలుస్తామని, ఎవరిని పిలుస్తున్నామో ముందుగా మీకే చెబుతామని మూడో మాట. మీకు సహాయం కావాలనిపిస్తే ఈరోజే, మీరు ఇంటికి వెళ్లేలోగానే, మాట్లాడడానికి మనిషి ఉన్నారని నాలుగో మాట.

మూడో మాట గురించి మా సిబ్బందిలో పెద్ద చర్చ జరిగింది. పిల్లలపై దౌర్జన్యం జరుగుతోందన్న అనుమానం కలిగితే ఫిర్యాదు చేయవలసిన చట్టబద్ధ బాధ్యత నర్సులుగా మా అందరి మీదా ఉంది. ఆ బాధ్యతను దాచిపెట్టి మాట ఇవ్వకూడదు. కుంగుబాటు దానంతట అది పిల్లలపై దౌర్జన్యం కాదన్న విషయాన్ని స్పష్టంగా చెప్పడం, నిజంగా చెప్పవలసివచ్చే పరిస్థితి ఏదో దాచకుండా చెప్పడం, ఈ రెండూ కలిస్తేనే ఆ మాటకు విలువ ఉంటుంది. అన్నీ రహస్యంగా ఉంటాయని తీయగా చెప్పి తరువాత మాట తప్పితే, ఆ ఒక్క తల్లితో పాటు ఆమె చెల్లెళ్లూ స్నేహితులూ మళ్లీ మా గడప తొక్కరు. ఆ విషయంలో మిస్ ఎంత పట్టుదలగా ఉన్నారంటే, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరి చేత ఆ నాలుగు మాటలనూ తన ముందు చెప్పించుకుని, తడబడితే మళ్లీ చెప్పించేవారు.

ఆ తరువాత వచ్చిన ఫారాలు వేరుగా ఉన్నాయి. ప్రశ్నలు అవే, తల్లులు కూడా వారే. సున్నాలు తగ్గాయి. కొందరు గుర్తు పెట్టడానికి ముందే మాట్లాడడం మొదలుపెట్టేవారు. చదవడం ఇబ్బందిగా ఉన్నవారికి మేమే చదివి వినిపించేవాళ్లం. అలా వినిపించినప్పుడు గొంతులో తొందర ఉండకూడదని, కంప్యూటర్ తెర వైపు చూస్తూ అడగకూడదని నేను త్వరలోనే గ్రహించాను.

స్కేలు గురించి నాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని ఇక్కడ చెప్పాలి. దాన్ని తయారుచేసినవారు అలసట, ఒంటినొప్పులు, ఆకలి మందగించడం వంటి శారీరక లక్షణాలను కావాలనే వదిలేశారు. కాన్పయిన ఏ స్త్రీకైనా అలసట ఉంటుంది కాబట్టి వాటిని లెక్కిస్తే అందరికీ కుంగుబాటు ఉన్నట్లే తేలుతుందన్నది వారి ఆలోచన. అది సరైన ఆలోచనే. కానీ మా దగ్గరకు వచ్చే తల్లులలో చాలామంది తమ బాధను దేహం ద్వారానే చెబుతారు. ‘ఏడుస్తున్నాను’ అనరు, మెడ పట్టేసిందని, తల పగిలిపోతోందని, గుండె దడదడలాడుతోందని అంటారు. మరికొందరిలో దుఃఖం కోపంగా బయటపడుతుంది. చిరాకు గురించి ఈ స్కేలులో ఒక్క ప్రశ్న కూడా లేదు. ఎంత బరువైనా మోయాలి, కన్నీరు కనిపించనీయకూడదు, ఎవరి సహాయమూ అడగకూడదు అన్న అంచనాల మధ్య పెరిగిన నల్లజాతి స్త్రీల మీద నర్సింగ్ పరిశోధకురాలు షెరిల్ వుడ్స్ జిస్కోంబే 2010లో ప్రచురించిన పరిశోధనను మిస్ నాకు చదవమని ఇచ్చారు. ఆ అంచనాలు వారికి బలాన్ని ఇచ్చినట్లే భారాన్ని కూడా మిగిల్చాయని అందులో ఆ స్త్రీల నోటనే చెప్పించారు. తక్కువ ఆదాయం గల నల్లజాతి తల్లులతో చేసిన 2012 నాటి ఒక అధ్యయనం, ఎడిన్‌బరో స్కేలు వంటివి వీరి విషయంలోనూ బాగానే పనిచేస్తాయని, అయితే సాధారణంగా వాడే కటాఫ్ కంటే తక్కువ మార్కుల దగ్గరే జాగ్రత్తపడడం మేలని సూచించింది. అందుచేత మేము మార్కులతో పాటు, ఈ మధ్య కోపం ఎక్కువవుతోందా, ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది అనే రెండు విషయాలను నోటితో అడుగుతాం. అవి మార్కుల లెక్కలో చేరవు, సంభాషణలో చేరతాయి.

ఒక తల్లి సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఆమెకు ఇరవైల చివరి వయసు, రెండో కాన్పు. బిడ్డ బాగా నెలలు తక్కువగా పుట్టడంతో నవజాత శిశువుల ఐసీయూలో ఉన్నాడు. విమానాశ్రయంలోని ఒక ఆహారశాలలో ఆమె ఉద్యోగం. ఈ దేశంలో ఉద్యోగినులందరికీ జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇచ్చే జాతీయ చట్టం లేదు. 1993 నాటి చట్టం ఇచ్చే 12 వారాల సెలవుకు జీతం ఉండదు, అది కూడా అందరికీ వర్తించదు. బిడ్డ ఇంటికి వచ్చాక సెలవు కావాలని, ముందుగానే ఆమె పనిలోకి వెళ్లిపోయింది. పొద్దున ఉద్యోగం, సాయంత్రం ఐసీయూ, రాత్రి ఇంట్లో పెద్దపిల్ల. ఆమె ఫారంలో 8 మార్కులు వచ్చాయి. మా కటాఫ్ 10. ఒట్టి అంకె మాత్రమే చూస్తే ఆమెను ఇంటికి పంపించేయాలి. కానీ ఆ 8లో 6 మార్కులు తనను తాను నిందించుకోవడం, ఆందోళన, భయం అనే మూడు ప్రశ్నలకే వచ్చాయి. ఆ మూడింటినీ విడిగా కూడితే ఆందోళనకు సూచనగా తీసుకోవచ్చని మాకు శిక్షణలో చెప్పారు. రక్తపోటు కూడా ఎక్కువగానే ఉంది. కోపం గురించి అడిగినప్పుడు ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, పెద్దపిల్ల పాలు ఒలకబోస్తే తాను అరిచిన అరుపుకు ఆ పిల్ల గోడకు అతుక్కుపోయిందని, ఆనాటినుంచి పిల్లను ముట్టుకోవాలంటేనే తనకు భయంగా ఉందని చెప్పింది. “నా బిడ్డలిద్దరూ నా వల్లే పాడైపోతున్నారు, మేడమ్. ఒకడు తొందరపడి పుట్టాడు, ఒకతి నన్ను చూసి బెదురుతోంది” అంది. నేను మిస్‌ను గదిలోకి పిలిచాను. ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుని, బిడ్డ పేరేమిటని అడిగారు. అప్పటివరకు ఆ ప్రశ్న మాలో ఎవరమూ అడగలేదని ఆ తల్లి చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఆమెకు కౌన్సెలర్‌తో మొదటి సమావేశం జరిగింది. రక్తపోటు మందు మార్చారు. ఐసీయూ సిబ్బందితో మాట్లాడి ఆమె షిఫ్టులకు అనువుగా, బిడ్డను ఛాతీమీద పడుకోబెట్టుకునే సమయాన్ని మార్పించారు. కొన్ని వారాల తరువాత పరీక్షలో ఆమె మార్కులు పెరిగాయి. పైవారికి అది వెనుకడుగులా కనిపించింది. నాకు మాత్రం ఆమె మమ్మల్ని నమ్మడం మొదలుపెట్టిందనడానికి అది నిదర్శనం. ఆ పెరిగిన మార్కుల ఆధారంగానే ఆమెకు మందు మొదలైంది. బిడ్డ ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు మార్కులు నిజంగా తగ్గాయి.

పదో ప్రశ్న సంగతి వేరు. మొత్తం మార్కులు ఎన్ని ఉన్నా, దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా ఆ తల్లిని ఒంటరిగా వదలకూడదు. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని నాతో పాటు శిక్షణ పొందిన ఒకరిద్దరు భయపడ్డారు. అలా జరగదని, సూటిగా, మెత్తగా అడగడమే మేలని శిక్షణలో నేర్పారు. ఆలోచన ఎప్పుడు వచ్చింది, ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా ఉపాయం ఆలోచించుకున్నారా, గతంలో ప్రయత్నించారా అని, ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేసే కొలంబియా స్కేలు వరుసలో అడుగుతాం. చాలామంది ‘చచ్చిపోవాలని కాదు, ఒక్క రోజు లేకుండా పోతే బాగుండుననిపిస్తుంది’ అంటారు. ఆ మాటను తేలికగా తీసుకోము, దానికే అంబులెన్సు కూడా పిలవము. ఇంట్లో తోడుగా ఎవరు ఉంటారు, కష్టమనిపించినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేస్తారు అని ఆమె చేతనే రాయించి, మర్నాడు మేమే ఫోన్ చేస్తాం.

ఇంకొక సున్నితమైన విషయం ఉంది. బిడ్డ చేతిలోంచి జారిపడుతున్నట్లు, తానే ఏదో హాని చేస్తున్నట్లు తలవని తలంపుగా ఆలోచనలు వచ్చి, వాటికి తామే వణికిపోయే తల్లులు ఉంటారు. ఆ ఆలోచనలు ఆమెకు అసహ్యం, భయం కలిగిస్తున్నాయంటే అది ఆందోళనకు సంబంధించిన లక్షణం. వాటి ప్రకారం నడిచే ప్రమాదం బహు తక్కువ. దీనికి భిన్నంగా ప్రతి 1000 కాన్పులలో ఒకరిద్దరికి వచ్చే సైకోసిస్‌లో తల్లికి లేనివి వినబడతాయి, తాను నమ్మేది నిజమేనన్న దృఢమైన భ్రమ ఉంటుంది. అది అత్యవసర పరిస్థితి, ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియని మనిషి చేతిలో పడితే, భయపడి నిజం చెప్పుకున్న తల్లి ఇంటికి పోలీసులు వెళతారు. ఒక నల్లజాతి తల్లి ఇంటికి పోలీసులు వెళ్లడమంటే ఏమిటో ఈ నగరంలో ఎవరికీ వివరించవలసిన పని లేదు. మా శిక్షణలో ఈ భాగానికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలని నేను పదేపదే అడిగాను. ఇప్పుడు కొత్తవారికి ఇస్తున్నారు.

స్క్రీనింగ్ తరువాత ఏముందన్నదే అసలు పరీక్ష. న్యూజెర్సీ 2006లో ప్రసవానంతర కుంగుబాటు స్క్రీనింగ్‌ను చట్టం ద్వారా తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం. ఆ రాష్ట్రంలో మెడికెయిడ్ మీద ఉన్న తల్లుల గురించి 2011లో వెలువడిన అధ్యయనంలో, కాన్పు తరువాత మానసిక చికిత్స మొదలుపెట్టినవారు తెల్లజాతి తల్లులలో 9 శాతం, నల్లజాతి తల్లులలో కేవలం 4 శాతం అని తేలింది. మొదలుపెట్టినవారిలోనూ మధ్యలో ఆగిపోయినవారు నల్లజాతి తల్లులలోనే ఎక్కువ. మా దగ్గరా తొలిరోజులలో అదే జరిగింది. ఎక్కువ మార్కులు వచ్చిన తల్లి చేతికి ఫోన్ నంబర్ల జాబితా ఇచ్చి పంపేవారు. ఆ నంబర్లలో కొన్ని పనిచేసేవి కావు, కొందరు మెడికెయిడ్ తీసుకునేవారు కాదు, తీసుకునేవారి దగ్గర అపాయింట్‌మెంట్ రావడానికి నెలలు పట్టేది. దుఃఖంలో ఉన్న మనిషి చేత అన్ని ఫోన్లు చేయించడం దయలేని పని. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు కౌన్సెలర్ మా క్లినిక్‌లోనే ఉంటున్నారు. సోషల్ వర్కర్ తల్లిని వెంటబెట్టుకుని ఆ గది వరకు తీసుకువెళ్లి పరిచయం చేస్తారు. గర్భిణులకు, బాలింతలకు తోడుగా ఉండి సాయపడే శిక్షణ పొందిన స్త్రీలను డౌలాలు అంటారు. అట్లాంటాలోని నల్లజాతి డౌలాలలో కొందరు కాన్పుకు ముందునుంచే మా తల్లులతో ఉంటూ, ఇంటికి వెళ్లినప్పుడు గమనించిన మార్పును తల్లి అనుమతితో మాకు తెలియజేస్తారు. కుంగుబాటు రాకముందే, వచ్చే అవకాశం ఉన్నవారికి నేర్పే ‘మదర్స్ అండ్ బేబీస్’ అనే శిక్షణను గర్భిణుల బృందాలకు ఇస్తున్నాం. అమెరికా నివారణ వైద్య కార్యదళం 2019లో ప్రత్యేకంగా ప్రస్తావించిన కార్యక్రమాలలో అది ఒకటి.

మందుల విషయంలో మిడ్‌వైఫ్‌లకు, డాక్టర్లకు కూడా ధైర్యం కావలసివచ్చింది. మసాచుసెట్స్‌లో 2014లో మొదలైన పద్ధతిలో, ప్రసూతి వైద్యులు సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి సలహా తీసుకునే సేవ ఇప్పుడు జార్జియాలో కూడా ‘పీస్ ఫర్ మామ్స్’ పేరుతో ఉంది. మందు ఇచ్చే ముందు, మితిమీరిన ఉత్సాహమూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ సమస్య ఉందేమో తప్పక అడగాలి, ఎందుకంటే దాన్ని గుర్తించకుండా కుంగుబాటు మందు మాత్రమే ఇస్తే పరిస్థితి విషమించవచ్చు. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలైన్ అనే కుంగుబాటు మందును ఎక్కువగా ఎంచుకుంటారు. ప్రసవానంతర కుంగుబాటుకు 2023 ఆగస్టులో ఆమోదం పొందిన జురనొలోన్ అనే మాత్రను 14 రోజులు మాత్రమే వేసుకోవాలి, త్వరగా పనిచేస్తుంది కాబట్టి దాని గురించి తల్లులు ఆశతో అడుగుతారు. కానీ ప్రతి మోతాదు తరువాత 12 గంటలు కారు నడపకూడదు. తెల్లవారుజామున షిఫ్టుకు కారులో వెళ్లవలసిన, రాత్రి బిడ్డను చూసుకునే మరో మనిషి లేని తల్లికి ఆ నియమం ఎంత కష్టమో మందు కాగితం మీద కనిపించదు. అలాంటివారికి ఆ 14 రాత్రులు ఎవరు తోడుంటారన్నది ముందు తేల్చుకుని గానీ మందు రాయించము.

వైద్యం మీద అపనమ్మకం అనే మాట ఇక్కడి సమావేశాలలో తరచుగా వినిపిస్తుంది, అదేదో ఈ తల్లులకు పుట్టుకతో వచ్చిన లోపమన్నట్లు. దాని మూలం చూడాలంటే అట్లాంటా నుంచి రెండున్నర గంటల ప్రయాణంలో ఉన్న అలబామాలోని మాంట్‌గమరీకి వెళ్లాలి. 1840లలో అక్కడ జె. మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిసత్వంలో ఉన్న నల్లజాతి స్త్రీల మీద, మత్తుమందు లేకుండా, మళ్లీ మళ్లీ శస్త్రచికిత్సలు చేశాడు. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లే నిలిచాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు. ఆ ముగ్గురు స్త్రీలకు మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి 2021లో మాంట్‌గమరీలో లోహపు విగ్రహాలు నిలిపారు. మిస్ చెప్పగా నేను వెళ్లి చూశాను. కాన్పుల గదిలో వాడే పరికరాల చరిత్రను గుంటూరులో మాకు పాఠంగా చెప్పినప్పుడు సిమ్స్ పేరు విన్నాను, ఆ స్త్రీల పేర్లు వినలేదు. నర్సింగ్ చదివే తెలుగు పిల్లలకు ఇప్పుడైనా ఆ ముగ్గురి పేర్లు చెప్పాలని నేను కోరుకుంటున్నాను.

అట్లాంటాకు ఉత్తరాన మేము ఉండే ఆల్ఫరెటా ప్రాంతంలో, పక్కనున్న కమ్మింగ్, జాన్స్ క్రీక్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నా పని గురించి తెలిసి, కాన్పయిన తెలుగు అమ్మాయిలు కొందరు, ‘అక్కా, నాకూ ఆ ఫారం ఇచ్చారు, అన్నీ సున్నాలే పెట్టాను’ అని చెప్పుకున్నారు. వారి భయం ఇండియా నుంచి వచ్చిన అత్తగారికో అమ్మకో తెలుస్తుందని, నలుగురిలో మాట వస్తుందని. అది చిన్న భయం కాదు. అయినా దాన్నీ దక్షిణ అట్లాంటా తల్లుల భయాన్నీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. బిడ్డను ప్రభుత్వం తీసుకుపోతుందన్న భయంతో నిద్రలేని తెలుగు తల్లి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఎవరు దేనికి భయపడుతున్నారో తెలుసుకున్న తరువాతే వారికి చెప్పవలసిన మాట ఏదో తెలుస్తుంది.

ఇప్పుడు మేము పెట్టుకున్న పని కాన్పు తరువాతి నెలల మీద. ప్రసవానంతర సందర్శనకు రానివారు ఈ దేశంలో 40 శాతం వరకు ఉంటారని ఏకాగ్ చెబుతుంది. గర్భసంబంధ మరణాలలో సగానికి పైగా కాన్పయిన వారం తరువాత, ఏడాదిలోపు జరుగుతున్నాయి. జార్జియా 2022లో మెడికెయిడ్‌ను కాన్పు తరువాత 12 నెలలకు పొడిగించడంతో, అంతకుముందు బీమా పోయిందని చికిత్స ఆపేసిన తల్లులను ఇప్పుడు నిలుపుకోగలుగుతున్నాం. తల్లి తన కోసం రాకపోయినా బిడ్డ టీకాల కోసం వస్తుంది. బిడ్డ 1, 2, 4, 6 నెలల సందర్శనలలో తల్లికి స్క్రీనింగ్ చేయాలని పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది కనుక, మా పక్క భవనంలోని పిల్లల క్లినిక్‌తో కలిసి, అక్కడ ఎక్కువ మార్కులు వస్తే అప్పటికప్పుడు మా సోషల్ వర్కర్ వెళ్లే ఏర్పాటు చేసుకున్నాం. ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ 1-833-852-6262 అనే జాతీయ మాతృ మానసిక ఆరోగ్య హాట్‌లైన్ నంబరును, ప్రాణం మీదికి వస్తే పిలవవలసిన 988ని ఆమె ఫోన్‌లోనే సేవ్ చేసి పంపుతున్నాం. 9వ నెలలో, 12వ నెలలో కూడా ఆ ఫారం ఇవ్వాలని, వాటికి ముందు ఆ నాలుగు మాటలు పిల్లల క్లినిక్ సిబ్బంది కూడా చెప్పాలని కోరాం. 9వ నెలకు ఒప్పుకున్నారు. ఆ సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యత మిస్‌కూ నాకూ అప్పగించారు.